తెర చెదిరినప్పుడు

కంప్యూటర్ లోపల జరిగే పని కంటికి కనబడదు. లెక్కలు కట్టడం, అక్షరాలను భద్రపరచడం, ఒకచోటి సమాచారాన్ని మరొకచోటికి చేర్చడం అన్నీ నిశ్శబ్దంగా సాగిపోతాయి. ఆ పని ఫలితంగా మనిషి ఎదుట నిలిచేది తెర ఒక్కటే. అందుచేత తెర సక్రమంగా ఉన్నంతకాలం యంత్రమంతా ఆరోగ్యంగా ఉన్నదనీ, తెర చెదిరిన మరుక్షణం యంత్రమంతా పాడైపోయిందనీ భావించడం సహజం. అయితే ఈ భావన అన్ని వేళలా సత్యం కాదు. తెరమీద అక్షరాలు ముక్కలుగా విరిగినా, రంగులు తారుమారైనా, చిత్రం ఒక పక్కకు ఒరిగిపోయినా, హార్డ్‌డిస్క్‌లో దాచుకున్న వ్యాసాలు, ఫోటోలు, లెక్కలు చాలా సందర్భాలలో చెక్కుచెదరకుండా ఉంటాయి. ఈ సంగతి తెలియనివారు కంగారుపడి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను తుడిచివేసి మళ్లీ ఎక్కించే ప్రయత్నంలో, ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న సమాచారాన్ని చేజేతులా పోగొట్టుకునే ప్రమాదం ఉంది. లైనక్స్‌తో నడిచే కంప్యూటర్‌లో తెర చెదిరినప్పుడు తప్పు ఎక్కడ దొర్లిందో క్రమపద్ధతిలో వెదకడం ఎట్లాగో తెలుసుకొంటే ఇటువంటి నష్టాన్ని తప్పించుకోవచ్చు.

తప్పు పుట్టిన చోటును వెదకడం తెలుగువారికి కొత్త విద్య కాదు. అచ్చుయంత్రం రాకముందు కావ్యాలు తాళపత్రాల మీద, ఒకరి ప్రతిని చూసి మరొకరు రాసుకోగా వ్యాప్తి పొందాయి. పద్యపాదంలో గణం తప్పినట్లు కనిపిస్తే ఆ దోషం కవిదా, లేఖకుడిదా, పురుగు తొలిచిన ఆకుదా, లేక చదువరి కంటిదా అని పరిష్కర్త విచారించవలసి ఉంటుంది. 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో ప్రచురించిన సి.పి. బ్రౌన్, తెలుగు గ్రంథాల రాతప్రతులను విస్తారంగా సేకరించి, పండితుల సహాయంతో వాటిని ఒకదానితో ఒకటి పోల్చి చూపించాడు. ఒక్క ప్రతిని ఎంతసేపు చూసినా తేలని సంగతి, రెండు ప్రతులను పక్కపక్కన పెట్టినప్పుడు తేలుతుంది. చెదిరిన తెర విషయంలోనూ అనుసరించవలసిన మార్గం ఇదే.

తెరమీద కనిపించే ప్రతి చిత్రం కొన్ని చేతులు మారి వస్తుంది. మొదట ఒక ప్రోగ్రామ్ తాను చూపదలచిన దానిని నిర్ణయిస్తుంది. ఇది కవి వంటిది. ఆ కోరికను గ్రాఫిక్స్ చిప్‌కు అర్థమయ్యే ఆదేశాలుగా మార్చేది గ్రాఫిక్స్ డ్రైవర్. ఇది లేఖకుని వంటిది. ఆ ఆదేశాల ప్రకారం చిప్ సిద్ధం చేసిన చిత్రం మెమరీలో నిలుస్తుంది. ఇది తాళపత్రం వంటిది. చివరకు ఆ చిత్రం కేబుల్ గుండా ప్రయాణించి మానిటర్‌ను చేరుతుంది. ఇది చదువరి కన్ను. ఈ నాలుగింటిలో ఎక్కడ తప్పు దొర్లినా, కనిపించేది మాత్రం చివరిదైన మానిటర్ మీదనే. అందువల్ల తప్పు కనిపించిన చోటు, తప్పు పుట్టిన చోటు ఒక్కటే కానవసరం లేదు.

వీటిలో డ్రైవర్ పాత్ర ప్రత్యేకమైనది. డ్రైవర్ అనగానే వాహనం నడిపేవాడు స్ఫురించినా, ఇది చేసే పని దుబాసీ పని. ఇంటెల్, ఏఎమ్‌డీ, ఎన్విడియా సంస్థల చిప్‌లు వేరువేరు పద్ధతులలో ఆదేశాలను స్వీకరిస్తాయి. ప్రోగ్రామ్‌లు రాసేవారు ఆ పద్ధతులన్నింటినీ నేర్చుకోవలసిన అవసరం లేకుండా డ్రైవర్ మధ్యవర్తిగా నిలుస్తుంది. లైనక్స్‌లో ఈ దుబాసీ పనిని రెండు భాగాలు పంచుకుంటాయి. మొదటిది ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి కెర్నల్‌లో ఉండి, మెమరీని, తెర కొలతలను, చిప్‌కు అందే విద్యుత్తును అదుపులో ఉంచుతుంది. రెండవది కెర్నల్‌కు వెలుపల ఉండి, గీతలను, రంగులను, త్రిపరిమాణ చిత్రాలను చిప్ ఆదేశాలుగా మారుస్తుంది. బ్రయాన్ పాల్ 1993లో ఆరంభించిన ‘మెసా’ ఈ రెండవ కోవకు చెందినది.

ఈ దుబాసీ ఎంత వేగంగా, ఎంత కచ్చితంగా పనిచేయాలో కొన్ని అంకెలు చూస్తే అర్థమవుతుంది. సాధారణంగా కనిపించే ఒక మానిటర్ మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. ఈ చుక్కలనే పిక్సెల్స్ అంటారు. వీటి మొత్తం సంఖ్య 20,73,600. ఒక్కొక్క పిక్సెల్ రంగును తెలపడానికి 4 బైట్లు వాడితే, ఒక్క చిత్రానికి 82,94,400 బైట్లు కావాలి. తెర సెకనుకు 60 సార్లు కొత్త చిత్రాన్ని గ్రహిస్తుంది. అంటే సెకనుకు సుమారు 50 కోట్ల బైట్లు మెమరీ నుండి తెరకు తరలిపోవాలి. ఇంత ప్రవాహంలో చిరునామా ఒక్క మెట్టు తప్పినా ఆ తప్పు తెరంతా పరచుకుంటుంది.

అదెట్లాగో ఒక ఉదాహరణ వల్ల స్పష్టమవుతుంది. చాలా లాప్‌టాప్‌ల తెర వెడల్పు 1366 పిక్సెల్స్. పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున ఒక వరుసకు 5,464 బైట్లు అవసరం. అయితే కొన్ని చిప్‌లు ప్రతి వరుసా 64 చేత నిశ్శేషంగా భాగింపబడే చోట మొదలుకావాలని కోరుతాయి. 5,464 అట్లా భాగింపబడదు. కనుక వరుస చివర 40 బైట్లు ఖాళీగా వదలి, 5,504 బైట్లకు ఒక వరుస చొప్పున అమర్చాలి. మెమరీలో రాసే భాగం ఈ ఖాళీని పాటించి, చదివే భాగం దానిని మరచిపోయిందనుకుందాం. అప్పుడు ప్రతి వరుసా పై వరుసకంటే 10 పిక్సెల్స్ పక్కకు జరుగుతుంది. 768 వరుసలు పూర్తయ్యేసరికి నిటారుగా ఉండవలసిన చిత్రం ఏటవాలు చారలుగా మారిపోతుంది. ఇక్కడ ఒక్క పిక్సెల్ రంగు కూడా చెడలేదు. ప్రతి అక్షరమూ మెమరీలో పదిలంగానే ఉన్నది. చదివేవారు పంక్తి ఎక్కడ ముగుస్తుందో తప్పుగా గ్రహించారు, అంతే. పాదవిభజన తెలియక చదివినప్పుడు చక్కని పద్యం సైతం గందరగోళంగా వినిపించడం ఇటువంటిదే.

తెర చెదరడంలో ఇంకా పలు రకాలు ఉన్నాయి. చిప్‌లు వేగం కోసం చిత్రాన్ని వరుసలుగా కాక, చిన్న చిన్న పలకలుగా మెమరీలో అమర్చుతాయి. ఈ అమరికను ఒక భాగం ఒక తీరుగా, మరొక భాగం వేరొక తీరుగా అర్థం చేసుకుంటే తెరమీద చదరంగపు గళ్లు కనిపిస్తాయి. సగం చిత్రం చూపిన తరువాత మిగతా సగానికి కొత్త చిత్రం వచ్చి చేరితే, వీడియో కదులుతున్నప్పుడు తెర అడ్డంగా చిరిగినట్లు తోస్తుంది. కొన్ని లాప్‌టాప్‌లలో తెరమీది దృశ్యం మారనప్పుడు విద్యుత్తు ఆదా కోసం తెరే తన సొంత మెమరీనుండి చిత్రాన్ని చూపుకునే ఏర్పాటు ఉంటుంది. ఆ ఏర్పాటుకూ డ్రైవర్‌కూ పొత్తు కుదరకపోతే తెర మినుకుమినుకుమంటుంది.

నిద్రావస్థకు పంపిన కంప్యూటర్ మేల్కొన్నప్పుడు తెర చెదరడం మరొక ప్రసిద్ధమైన సమస్య. గాఢమైన నిద్రావస్థలో గ్రాఫిక్స్ చిప్‌కు చెందిన మెమరీకి విద్యుత్తు అందదు. అందులోని చిత్రాలు చెరిగిపోతాయి. నిద్రకు ముందే డ్రైవర్ వాటిని మరొకచోట భద్రపరచి, మేల్కొన్న తరువాత తిరిగి చేర్చాలి. ఎన్విడియా డ్రైవర్ చాలా సంచికలలో, ప్రత్యేకంగా కోరనిదే, అత్యవసరమైన భాగాలను మాత్రమే భద్రపరచేది. తమ చిత్రాలు పోయిన సంగతి తెలియని ప్రోగ్రామ్‌లు మేల్కొన్న తరువాత చిందరవందరగా దర్శనమిచ్చేవి. మెమరీనంతా భద్రపరచమని డ్రైవర్‌ను కోరే అమరిక ఉన్నదని ఆ సంస్థ సూచనల పుస్తకమే తెలుపుతున్నది. కారణం తెలియనివారికి కొత్త చిప్ కొనవలసిన అవసరంగా కనిపించేది, కారణం తెలిసినవారికి ఒక్క పంక్తి మార్పుతో తీరిపోయేది.

తెలుగు చదివేవారు మరొక భేదాన్ని గుర్తుంచుకోవాలి. తక్కిన తెరంతా సవ్యంగా ఉండి, తెలుగు అక్షరాల స్థానంలో మాత్రమే ఖాళీ డబ్బాలు కనిపిస్తే అది డ్రైవర్ దోషం కాదు. తెలుగు ఫాంట్ లేకపోవడం దానికి కారణం. ఒత్తులు, గుణింతపు గుర్తులు అక్షరాలనుండి విడిపోయి కనిపిస్తే, అక్షరాలను కూర్చే సాఫ్ట్‌వేర్‌లోనో, ఫాంట్‌లోనో లోపం ఉన్నదని గ్రహించాలి. కవి చేతిలో జరిగిన పొరపాటుకు లేఖకుని నిందించడం న్యాయం కాదు.

ఇక పరీక్షించే క్రమాన్ని పరిశీలిద్దాం. మొదటి పరీక్ష కంప్యూటర్‌ను ఆన్ చేసిన వెంటనే జరగాలి. లైనక్స్ మొదలుకాకముందు తయారీ సంస్థ గుర్తు గల తెర ఒకటి కనిపిస్తుంది. యంత్రపు మూల అమరికలను మార్చుకునే తెర కూడా ఆ దశలోనే తెరుచుకుంటుంది. అప్పటికి లైనక్స్ డ్రైవర్ రంగప్రవేశం చేయదు. ఆ తెరలు కూడా చెదిరి ఉంటే డ్రైవర్ నిర్దోషి. చిప్, మెమరీ, కేబుల్, మానిటర్‌లలో ఏదో ఒకటి దెబ్బతిన్నదని భావించాలి. రెండవ పరీక్షగా కేబుల్‌ను ఊడదీసి గట్టిగా బిగించి, వీలైతే మరొక కేబుల్‌ను, మరొక మానిటర్‌ను మార్చి చూడాలి. ఖర్చులేని ఈ పరీక్షను విస్మరించి గంటల తరబడి సాఫ్ట్‌వేర్‌ను మార్చడం వృథాప్రయాస.

మూడవ పరీక్ష మిక్కిలి సులభమైనది, ప్రయోజనకరమైనది. తెర చెదిరి ఉన్నప్పుడు స్క్రీన్‌షాట్ తీసి, ఆ చిత్రాన్ని మరొక కంప్యూటర్‌లోనో, ఫోన్‌లోనో తెరచి చూడాలి. అక్కడ కూడా చిత్రం చెదిరి ఉంటే, అది మెమరీలో రూపొందే దశలోనే తప్పు జరిగింది. అక్కడ శుభ్రంగా ఉంటే, రూపొందిన చిత్రాన్ని తెరకు చేర్చే దశలో తప్పు జరిగి ఉండాలి. స్క్రీన్‌షాట్ తీసే సాఫ్ట్‌వేర్ కొన్నిసార్లు చిత్రాన్ని మళ్లీ కొత్తగా గీయించుకుంటుంది కనుక ఈ ఒక్క సాక్ష్యంతోనే తీర్పు చెప్పరాదు. అయినా వెదకవలసిన దారి సగానికి సగం తగ్గిపోతుంది.

నాలుగవ పరీక్షలో కంట్రోల్, ఆల్ట్ మీటలతోపాటు ఎఫ్3 మీటను నొక్కాలి. సాధారణంగా బొమ్మలు, కిటికీలు లేని నల్లని అక్షరాల తెర ప్రత్యక్షమవుతుంది. అక్కడ అక్షరాలు చక్కగా ఉంటే, లోపం చాలావరకు పైనున్న చిత్రమయ వ్యవస్థకు సంబంధించినదని చెప్పవచ్చు. లైనక్స్‌లో ఈ వ్యవస్థలు రెండు. మొదటిదైన ‘ఎక్స్’ 1984లో అమెరికాలోని ఎమ్ఐటీలో పుట్టింది. రెండవదైన ‘వేలాండ్’ 2008లో ఆరంభమైంది. రెండూ ఉన్న కంప్యూటర్‌లో ఒకదానికి బదులు మరొకదానిలో ప్రవేశించి తేడాను గమనించవచ్చు. అయిదవ పరీక్షగా, పెన్‌డ్రైవ్ నుండి నేరుగా నడిచే మరొక లైనక్స్‌ను ప్రారంభించి చూడాలి. హార్డ్‌డిస్క్‌ను ముట్టుకోకుండా ‘ప్రయత్నించి చూడు’ అన్న ఎంపికనే ఎంచుకుంటే, దాచుకున్న సమాచారానికి హాని కలగదు. అదే యంత్రం మీద ఆ లైనక్స్ చక్కగా నడిస్తే దోషం యంత్రంలో కాక, లోగడ ఎక్కించిన సాఫ్ట్‌వేర్‌లో ఉండే అవకాశమే ఎక్కువ.

అప్‌డేట్ చేసిన తరువాత తెర చెదిరిన సందర్భంలో నివారణ మరింత సులభం. చాలా లైనక్స్ వ్యవస్థలు కొత్త కెర్నల్ వచ్చినా పాతదానిని వెంటనే తొలగించవు. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు కనిపించే పట్టికలో పాత కెర్నల్‌ను ఎంచుకొని ప్రవేశించవచ్చు. తెర బాగుపడితే దోషం కొత్త కెర్నల్‌తో వచ్చినదని రుజువవుతుంది. తెర ఏమాత్రం చదవడానికి వీలుకాని స్థితిలో ఉంటే, అదే పట్టికలో కెర్నల్‌కు ‘నోమోడ్‌సెట్’ అనే సూచనను జతచేయవచ్చు. అప్పుడు గ్రాఫిక్స్ డ్రైవర్ తెర బాధ్యతను స్వీకరించదు. చిత్రాలు మందకొడిగా, కొలతలు మోటుగా ఉన్నా తెర చదవడానికి వీలవుతుంది. ఇది కట్టుకర్ర వంటిది. శాశ్వత చికిత్స కాదు. ఈ వెసులుబాటుతో మొదట ముఖ్యమైన ఫైళ్లను వేరొకచోట భద్రపరచుకొని, ఆ తరువాతనే డ్రైవర్‌ను మార్చడమో, పాత సంచికకు తిరిగి వెళ్లడమో చేయాలి.

ఈ పరీక్షలన్నింటికీ వర్తించే నియమం ఒకటి ఉన్నది. ఒకసారి ఒక్క మార్పు మాత్రమే చేయాలి. కేబుల్‌ను, కెర్నల్‌ను, డ్రైవర్‌ను ఒకేసారి మార్చినప్పుడు తెర బాగుపడినా, ఏ మందుకు ఏ రోగం తగ్గిందో తెలియదు. చేసిన ప్రతి మార్పును, దాని ఫలితాన్ని కాగితం మీద రాసుకోవాలి. యంత్రం కూడా తన దినచర్యను తాను రాసుకుంటుంది. ‘జర్నల్‌సీటీఎల్’ అనే ఆదేశం ఆ దినచర్యను చూపుతుంది. ‘ఎల్ఎస్‌పీసీఐ’ అనే ఆదేశం యంత్రంలో ఏ గ్రాఫిక్స్ చిప్ ఉన్నదో, సరైన ఎంపిక జోడిస్తే దానిని ఏ డ్రైవర్ నడుపుతున్నదో తెలుపుతుంది.

ఇంతవరకు చెప్పినది సాధారణ వినియోగదారు చేయగలిగిన పని. దోషం కొత్త కెర్నల్‌లోనే ఉన్నదని తేలిన తరువాత, వేల కొద్దీ మార్పులలో ఏది దానికి మూలమో కనుగొనడం ఎట్లాగన్న ప్రశ్న వస్తుంది. దీనికి సగపాలు విభజన అనే ఉపాయం ఉన్నది. మంచి సంచికకూ చెడ్డ సంచికకూ నడుమ 1,024 మార్పులు ఉన్నాయనుకుందాం. సరిగ్గా మధ్యనున్న సంచికను పరీక్షిస్తే, దోషం మొదటి సగంలో ఉన్నదో రెండవ సగంలో ఉన్నదో తెలుస్తుంది. మిగిలిన 512ను మళ్లీ సగం చేయాలి. ఈ విధంగా 10 పరీక్షలు పూర్తయ్యేసరికి ఒకే ఒక్క మార్పు దోషిగా మిగులుతుంది. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించిన ‘గిట్’ అనే సాధనంలో ఈ సౌకర్యం ఉన్నది. పాత సంచికలో పనిచేసినది కొత్త సంచికలో పనిచేయకపోతే దానిని దోషంగానే పరిగణించాలన్నది లైనక్స్ కెర్నల్ నిర్మాతల దృఢనియమం. కనుక ఓర్పుతో పరీక్షించి పంపిన ఒక్క నివేదిక, అదే చిప్‌ను వాడే అసంఖ్యాకుల తెరలను బాగుచేయగలదు.

అయితే ఈ సగపాలు విభజనకు ఒక షరతు ఉన్నది. డ్రైవర్ మూలరచన చదవడానికి అందుబాటులో ఉండాలి. తాళపత్రాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసినప్పుడు పరిష్కర్త ఎంతటి పండితుడైనా చేయగలిగింది ఉండదు. ఈ కష్టం నుండే ఒక ఉద్యమం పుట్టింది. 1980 ప్రాంతంలో ఎమ్ఐటీ ప్రయోగశాలకు జిరాక్స్ సంస్థ లేజర్ ప్రింటర్ ఒకటి వచ్చింది. కాగితం ఇరుక్కున్నప్పుడు ఆ సంగతి అందరికీ తెలిసేట్లు పాత ప్రింటర్ సాఫ్ట్‌వేర్‌ను రిచర్డ్ స్టాల్‌మన్ సవరించి ఉన్నాడు. కొత్త ప్రింటర్‌కూ అదే సవరణ చేయబోతే దాని మూలరచన లభించలేదు. దానిని కలిగి ఉన్న ఒక పరిశోధకుడు, ఎవరికీ ఇవ్వనని మాట ఇచ్చినందున ఇవ్వలేనన్నాడు. ఈ అనుభవం స్టాల్‌మన్ ఆలోచనలను బలంగా ప్రభావితం చేసింది. 1983 సెప్టెంబరులో ఆయన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లక్ష్యంగా ‘గ్నూ’ ప్రణాళికను ప్రకటించాడు. 1991 ఆగస్టులో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి టోర్వాల్డ్స్ ప్రకటించిన ఆపరేటింగ్ సిస్టమ్ పని, తరువాత లైనక్స్‌గా ఎదిగి ఈ ఆశయంతో జతకలిసింది.

గ్రాఫిక్స్ రంగంలో ఈ తలుపులు ఒక్కసారిగా తెరుచుకోలేదు. ఏఎమ్‌డీ 2007లో తన చిప్‌ల వివరాలను వెల్లడించి, బహిరంగ డ్రైవర్‌కు తోడ్పడతానని ప్రకటించింది. ఎన్విడియా చిప్‌ల వివరాలు లభించనప్పుడు, కొందరు నిర్మాతలు ఆ సంస్థ డ్రైవర్ చిప్‌కు పంపే ఆదేశాలను ఓర్పుగా గమనించి, వాటి అర్థాన్ని ఊహించి, ‘నూవో’ అనే బహిరంగ డ్రైవర్‌ను నిర్మించారు. అది 2010 ఫిబ్రవరిలో విడుదలైన 2.6.33 కెర్నల్‌లో చేరింది. తెలియని లిపిలోని శాసనాన్ని చదవడానికి పట్టేంత ఓపిక దానికి అవసరమైంది. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో జరిగిన సభలో టోర్వాల్డ్స్, ఎన్విడియా సహకరించడం లేదని పరుషంగా నిందించాడు. పది సంవత్సరాల తరువాత, 2022 మే నెలలో ఆ సంస్థ తన డ్రైవర్‌లో కెర్నల్‌కు సంబంధించిన భాగపు మూలరచనను విడుదల చేసింది. కెర్నల్ వెలుపలి భాగాన్ని మాత్రం అప్పుడు వెల్లడించలేదు.

మూలరచన బహిరంగమైనంత మాత్రాన దోషాలు పుట్టకుండా ఉండవు. బహిరంగమైన డ్రైవర్లలోనూ తెరను చెదరగొట్టే తప్పులు దొర్లుతూనే ఉంటాయి. అయితే అక్కడ తప్పును వెదకడానికి, వెదికి చూపడానికి, చూపినదానిని దిద్దడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. తయారీ సంస్థ ఆదరణ కోల్పోయిన పాత కంప్యూటర్లు సైతం ఆ కారణంగా మరికొన్నేళ్లు పనికివస్తాయి. కొత్త యంత్రాలు కొనే స్తోమత లేని విద్యాలయానికి ఇది చిన్న మేలు కాదు.

చెదిరిన తెర ఎదుట కూర్చున్న విద్యార్థి చేయవలసిన మొదటి పని ఏదీ చెరపకపోవడం. రెండవది, తాను చూస్తున్న తప్పు ఏ చేతిలో పుట్టిందని ప్రశ్నించుకోవడం. మూడవది, రెండు స్థితులను పోల్చి, ఒక్కొక్క మార్పుతో జవాబు రాబట్టడం. ఈ విధంగా వెదికినవారు తమ తెరను బాగుచేసుకోవడమే కాక, తమ తరువాత అదే దోషాన్ని ఎదుర్కొనేవారికి దారి చూపినవారవుతారు.